మచ్చల గడ్డకు మందు చెప్పిన నక్క

రైతు సంగప్ప చెలకలో ఆలుగడ్డ తవ్వకం అయిపోయి, కూలీల ఆఖరి బండి కూడా ఊళ్లోకి వెళ్లిపోయిందంటే ఇక ఆ చెలక జంతువులది. మనుషులు ఏరుకోగా మట్టిలో మిగిలిపోయిన గడ్డలు జంతువులవే. వాటిని ఏరుకోవడానికి అక్కడి జంతువులకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరు ఎంత తవ్వినా తెచ్చి వాగు పక్కనున్న బండ మీద ఒకే కుప్పగా పోయాలి. ఏడాదికి ఒకరు పంచాలి. పంచినవారు మాత్రం అందరూ తీసుకున్నాక ఆఖరున మిగిలిన వాటా తీసుకోవాలి. ఆ ఆఖరి షరతు పెట్టిందెవరో గానీ చాలా బుద్ధిమంతులు. తన వంతు చివర వస్తుందని తెలిస్తే ఎంత గడుసువాడైనా వాటాలు సమానంగానే వేస్తాడు.

ఆ ఏడు పంచే వంతు నంగయ్య అనే నక్కకు వచ్చింది.

ఈ నంగయ్య కొంతకాలం పట్నంలో ఒక ఆస్పత్రి వంటింటి వెనక, చెత్తకుండీ పక్కన కాపురం ఉండి వచ్చాడు. అక్కడ తిన్నది ఎంగిలి ఇడ్లీలు, నేర్చుకున్నది నాలుగు రోగాల పేర్లు. తిరిగి వచ్చిన దగ్గర్నుంచీ "డాక్టర్ సాబ్" అంటే తప్ప పలకడం మానేశాడు. నాకు డాక్టర్ల మీద ఏ కోపమూ లేదు. వాళ్ల చెత్తకుండీ దగ్గర చదువు పూర్తిచేసినవాళ్లను చూస్తేనే ఒళ్లు మండుతుంది.

ఇక గడ్డల సంగతి. ఆ ఏడు బోరు సరిగ్గా నీళ్లు పోయలేదు. నేల బీటలు వారింది, గడ్డల మీద గజ్జి లేచినట్టు గరుకు మచ్చలు వచ్చాయి. కొన్నిటి మీద ఎంత తుడిచినా పోని నల్ల చుక్కలు. "మచ్చల గడ్డ ఎవడు కొంటడు?" అని మార్కెట్ సేటు మొహం తిప్పుకునేసరికి, సంగప్ప విసుగెత్తి వాటిని చెలకలోనే వదిలేసి పోయాడు. దాంతో బండ మీద ఎన్నడూ లేనంత కుప్ప పడింది.

ఆ కుప్పలో సగానికి పైగా మోసుకొచ్చింది బురదమ్మ అనే పంది. ఆమె ఈని కొన్నాళ్లయింది. పిల్లలు పాలు మరిచి మట్టిలో మూతి పెట్టే ఈడుకు వచ్చాయి. అన్నిటికంటే చిన్నవాడికి వీపు మీద గుండ్రటి నల్లమచ్చ ఉంటే, వాడికి బొట్టోడు అని పేరు పెట్టింది. ఎండలు ముదిరితే వాగు ఎండుతుంది, వాగు ఎండితే తినడానికి తుంగగడ్డ కూడా దొరకదు. ఈ కుప్పలో తన వాటా వస్తేనే పిల్లలు ఎండాకాలం దాటుతాయని బురదమ్మకు తెలుసు. అందుకే మూతి కొట్టుకుపోయేలా తవ్వింది.

పంపకం రోజున అందరూ బండ దగ్గర చేరారు. సంగప్ప దగ్గర నాగలి లాగి లాగి ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్న ముసలి ఎద్దు నిమ్మళయ్య వచ్చాడు. ఆయన ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఇంత నెమరు వేస్తాడు. మాట పూర్తయ్యేదాకా ఆగిన పుణ్యాత్ములు ఇంతవరకూ లేరు. తోకా నాలుకా రెండూ క్షణం ఆగని మేక గునుపమ్మ వచ్చింది. ఆకు రాలినా ఎగిరిపడే కుందేలు ఉలికన్న, పారిపోవడానికి వీలుగా పొద పక్కన నిలబడ్డాడు.

నంగయ్య కుప్ప చుట్టూ ఒకసారి తిరిగాడు. సమానంగా పంచితే తనకూ అందరంతే వస్తుంది. అందరంత వస్తే ఇక నక్కగా పుట్టడం దేనికి? ఒక గడ్డ తీసి ఎండకు పట్టాడు, వాసన చూశాడు, తల అడ్డంగా ఊపాడు.

డాక్టర్ తల అడ్డంగా ఊపితే ఎవరి గుండె నిలుస్తుంది?

"ఏమైంది డాక్టర్ సాబ్?" అంది గునుపమ్మ.

"ఇప్పుడే ఏం అడగకు చెల్లె."

"మీరట్ల తల ఊపినంక అడగకుంటె ఎట్ల? చెప్పుర్రి."

"చెప్తె తట్టుకుంటరా?"

ఉలికన్న అప్పటికే పొద వెనక్కి వెళ్లిపోయాడు.

"ఇగో, ఈ గరుకు మచ్చ జూసిన్రా? ఇది గజ్జి. ఈ నల్ల చుక్కలు అమ్మవారు. ఇగ ఇక్కడ కమిలినట్టున్నది జూడుర్రి, ఇది లోపల నెత్తురు చెడిపోయిన లక్షణం."

"ఆలుగడ్డకు నెత్తురెక్కడిది?" అంది బురదమ్మ.

"మొత్తం ఎండిపోయింది గదా, అందుకే కనిపిస్తలేదు" అన్నాడు నంగయ్య.

వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి అంటారు. అక్కడ వినేవాళ్లలో వెర్రివాళ్లు తక్కువే గానీ, రోగం పేరు వింటే ఎంతటివాళ్లకైనా బుర్ర ఒక అరగంట సెలవు పుచ్చుకుంటుంది.

నిమ్మళయ్య నెమరు ఆపి గొంతు సవరించుకున్నాడు. "మా సంగప్ప ఇంట్ల..." అన్నాడు. మళ్లీ నెమరు మొదలుపెట్టాడు.

"సంగప్ప సంగతి తర్వాత మాట్లాడుకుందం పెద్దయ్యా" అని నంగయ్య అందుకున్నాడు. "ఇవి తిన్నోళ్లకు మచ్చ అంటుతది. మొదలు వాళ్ల తోలు మీద లేస్తది. ఆ తర్వాత పక్కన పండుకున్నోళ్లకు. ఒక్కరికి లేచిందంటె వాళ్లను వాగు దాటించుడే, వేరే మందు లేదు."

వాగు అవతల ఊరకుక్కల రాజ్యం. అక్కడికి వెళ్లినవాళ్లు తిరిగి వచ్చిన దాఖలా లేదు.

"మరి ఇంత కుప్పను ఏం జెయ్యాలె?" అంది గునుపమ్మ.

"దూరం తీస్కపోయి పాతిపెట్టాలె. మీరెవ్వరు ముట్టకుర్రి. పిల్లలున్నోళ్లు మీరు. నేనే మోస్త." నంగయ్య కళ్లు ఒత్తుకున్నాడు. "డాక్టరన్నంక ప్రాణానికి తెగించాలె గదా."

గునుపమ్మకు ఏడుపు ఆగలేదు. మనకోసం ఇంత చేసేవాడు ఈ చుట్టుపక్కల ఎవడున్నాడని చెవులు వేలాడేసుకుని ఏడ్చింది. మచ్చలేని నున్నటి గడ్డలు ఏరితే కుప్పలో ఒక మూలకు కూడా రాలేదు. వాటిని నలుగురికీ పంచి, "నాకు వాటా వద్దు" అన్నాడు నంగయ్య. ఆఖరున తీసుకోవలసినవాడు అసలే తీసుకోనంటే, ఇక అతణ్ణి అనుమానించే పాపం ఎవరు మూటగట్టుకుంటారు?

పోతూ పోతూ వెనక్కి తిరిగాడు. "ఆ నున్నటి గడ్డలకు గూడ మచ్చల గాలి సోకి ఉంటది. బండ మీద పరిచి మంచిగ ఎండబెట్టుర్రి. ఎండకు పురుగంత చస్తది."

ఎండ అని ఎందుకన్నాడో అతడికే తెలియదు. ఏదో ఒక మందు చెప్పకుండా వెళ్లిపోతే డాక్టర్ అని ఎవరు నమ్ముతారు? మచ్చల సంగతి మాత్రం నంగయ్యకు బాగా తెలుసు. అలాంటి గడ్డలకే ఆస్పత్రి వంటవాడు తొక్క చెక్కి, కమిలినచోట కత్తి మొనతో తొలిచి, కూర వండి పెడితే రోగులు పళ్లెం నాకడం కళ్లారా చూశాడు. తెలియనిది ఎండ సంగతి. సగం తెలిసినవాడి దగ్గర చిక్కంతా ఆ తెలియని సగంతోనే వస్తుంది.

నంగయ్య మోసిన గడ్డలు ఎక్కడికి పోయాయో మీకు చెప్పనక్కర్లేదు. గుట్ట వెనకున్న తన బొరియలో, చల్లటి చీకట్లో పేర్చుకున్నాడు. ఆ పక్కనే చెరుకు మడి దగ్గర సంగప్ప తమ్ముడి బెల్లం పొయ్యి ఉంది. మనుషులు అన్నానికి వెళ్లిన వేళ చూసి వేడి బూడిదలో గడ్డలు కప్పెట్టి, కాలాక తొక్క ఒలిచి తినేవాడు. బెల్లం వాసన పట్టిన గడ్డలు కదా, పట్నంలో ఎంగిలి ఇడ్లీలు తిన్న రోజులు తలుచుకుని తన మీద తనే జాలిపడ్డాడు.

ఇక్కడ బండ మీద గడ్డలకు డాక్టర్ చెప్పిన వైద్యం నడుస్తోంది. రోజులు గడిచేకొద్దీ తెల్లటి తొక్క ఆకుపచ్చగా మారింది. ఉలికన్నకు భయమేసి నంగయ్యను పిలుచుకొచ్చాడు.

నంగయ్యకు కూడా లోపల కొంచెం అదిరింది. పైకి మాత్రం తల నిలువుగా ఊపాడు. "పచ్చగున్నది అంటె పాణం బోసుకుంటున్నది. ఎండిపోయిన చెట్టు పచ్చబడితె సంతోషపడ్తమా, ఏడుస్తమా?"

"చేదుగున్నది డాక్టర్ సాబ్" అంది ఒక ముక్క కొరికి చూసిన గునుపమ్మ.

"మందు చేదుగాక తియ్యగుంటదా?"

ఇంత సూటిగా చెప్పాక ఎవరేం అంటారు? గునుపమ్మ కళ్లు మూసుకుని మింగింది. మేక కాబట్టి కొంత తట్టుకుంది. రాత్రంతా కడుపులో గుడగుడమంటే మందు పని చేస్తోందని అందరికీ చెప్పుకుంది. ఉలికన్నకు మాత్రం తిన్న ప్రతిసారీ నోరు మండేది. భయంతో మండిందేమో అనుకుని ఊరుకున్నాడు.

బురదమ్మ తన వాటాను బండ మీదే ఉంచి, తినకుండా పొదుపు చేస్తూ వచ్చింది. పిల్లలు ఆకలికి మారాం చేస్తే ఒకరోజు తలా ఒక ముక్క పెట్టింది. మిగతావి చేదని ఉమ్మేశాయి. బొట్టోడు మాత్రం ఆకలి మీద అవి ఉమ్మినదీ కలిపి తినేశాడు. సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. కడుపు పట్టుకుని నేల మీద పొర్లాడు. తెల్లారేసరికి లేచి నిలబడలేకపోయాడు.

బురదమ్మ పరుగెత్తుకుంటూ నంగయ్య దగ్గరికి వెళ్లింది. "డాక్టర్ సాబ్, మా పోరడు కండ్లు తెరుస్తలేడు, జర వచ్చి చూడుర్రి" అంది. నంగయ్య వచ్చాడు, వెనకాలే గునుపమ్మా ఉలికన్నా నిమ్మళయ్యా వచ్చారు.

నంగయ్య పిల్లవాణ్ణి చూశాడు. ఆకుపచ్చ ముక్కల వాంతి చూశాడు. తన వైద్యమే తిరగబడిందని ఆ క్షణంలో అర్థమైంది. ఒప్పుకుంటే డాక్టర్ గిరీ పోతుంది, గడ్డలూ పోతాయి. అటూ ఇటూ చూశాడు. చూపు బొట్టోడి వీపు మీద ఆగింది.

"నేను చెప్పలేదా?" అన్నాడు. "అందరు జూడుర్రి. మచ్చ."

"అది వాని పుట్టుమచ్చ" అంది బురదమ్మ. "దాన్ని జూసే గదా పేరు వెట్టిన."

"పుట్టినప్పుడు ఇంతున్నదా?"

"పుట్టినప్పుడు చిన్నగున్నది. పోరడు పెరిగిండు, మచ్చ పెరిగింది."

"విన్నరా? మచ్చ పెరిగిందని తల్లే చెప్తున్నది." నంగయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. అతణ్ణి చూసి అందరూ వెనక్కి వేశారు. "మచ్చల గడ్డ దొంగతనంగ తిన్నట్టున్నడు. రేపు పొద్దుగాల వాగు దాటించాలె. లేకుంటె మనం ఎవ్వరం మిగలం."

"కుక్కలు పీక్కతింటయి" అంది బురదమ్మ.

ఎవరూ మాట్లాడలేదు. పందిని నంది చేసే నోరు నంగయ్యది, నందిని పంది చేయమన్నా చేస్తుంది. కానీ ఆ మౌనం చూస్తే నాకు నంగయ్య కంటే మిగతా ముగ్గురి మీదే ఎక్కువ కోపం వస్తుంది. ఆ పిల్లవాడు పుట్టిననాడు వాడి మచ్చ చూసి ముద్దుపెట్టుకున్నవాళ్లే వాళ్లు. నిమ్మళయ్య ఒక్కడు నోరు తెరిచి, "మా సంగప్ప ఇంట్ల..." అన్నాడు. అప్పటికే అందరూ ఇళ్లకు బయల్దేరారు.

బురదమ్మ పిల్లవాడి పక్కన కూలబడింది. వాగు నీళ్లు తెచ్చి గొంతులో పోసింది. కాస్త తేరుకున్నాక ఆమెకు ఒక సంగతి తట్టింది. పిల్లవాడి మీదికి వంగినప్పుడు నంగయ్య నోటి నుంచి ఒక వాసన వచ్చింది. ఏడుపులో పట్టించుకోలేదు గానీ ముక్కు పట్టించుకుంది. పంది కళ్లు మోసపోవచ్చు, చెవులు మోసపోవచ్చు, ముక్కు మాత్రం మోసపోదు. అది కాల్చిన ఆలుగడ్డ వాసన.

పిల్లవాణ్ణి అన్నదమ్ముల మధ్య పడుకోబెట్టి, మధ్యాహ్నం ఎండలో మూతి నేలకు ఆనించి బయల్దేరింది. వాసన గుట్ట ఎక్కింది, ఆమె ఎక్కింది. గుట్ట దిగింది, ఆమె దిగింది. బొరియ ముందు నంగయ్య కాళ్లు చాపుకుని, పొట్ట పైకి పెట్టుకుని గురక పెడుతున్నాడు. పక్కన తొక్కల గుట్ట. లోపల తను తవ్వి మోసిన గడ్డలు, ఒక్కటీ పాతిపెట్టకుండా, మచ్చలతో సహా.

బురదమ్మ ఒక గడ్డ నోట కరుచుకుని వెనక్కి వచ్చింది. తల్లి కాబట్టి ముందు తనే తింది. తియ్యగా, పిండిగా ఉంది. పొద్దు వాలేదాకా ఆగి చూసుకుంది. ఒళ్లు నిండా నలుపే కాబట్టి మచ్చ లేచినా కనబడదు గానీ, కడుపులో ఏ గుడగుడా లేదు. అప్పుడు బండ మీది నున్నటి పచ్చగడ్డ ఒకటి కొరికి చూసింది. నాలుక మండి, గొంతు గీరుకుంది. ఉమ్మేసింది.

వెళ్లి నిమ్మళయ్య ముందు కూర్చుంది. "పెద్దయ్యా, సంగప్ప ఇంట్ల ఏంది? నువ్వు చెప్పేదాక నేను లెవ్వ" అంది.

నిమ్మళయ్య ఆమె వంక ఆశ్చర్యంగా చూశాడు. తన మాట వినడానికి ఎవరైనా కూర్చోవడం ఆయనకు కొత్త. "మా సంగప్ప ఇంట్ల..." అని మొదలుపెట్టి, నెమరు వేసి, మింగి, మళ్లీ ఎత్తుకున్నాడు. "ఆలుగడ్డ కుప్ప మీద... గడ్డి గప్పుతడు. ఎండ తగిల్తె పచ్చబడ్తదని. పచ్చబడ్డది... మా గాడిల గూడ ఎయ్యడు. చేదు విషం అంటడు."

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదు పెద్దయ్యా?"

"చెప్తనే ఉన్న గదా."

బురదమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వెంటనే వెళ్లి అందరినీ లేపి చెబుదామనుకుంది. ఆగింది. తను చెబితే గునుపమ్మ తిన్నగా డాక్టర్ దగ్గరికి పరుగెడుతుంది. డాక్టర్ ఏమంటాడు? పిల్లవాడి రోగం తల్లికి తలకెక్కిందంటాడు. ఇద్దరినీ కలిపి వాగు దాటిస్తారు. మచ్చల గడ్డలు మంచివేనన్న మాట వాడి నోటి నుంచే రావాలి.

మర్నాడు పొద్దున్నే బండ దగ్గర అందరూ చేరారు. బురదమ్మ పిల్లవాణ్ణి వీపు మీద వేసుకుని తలవంచుకుని వచ్చింది. బొట్టోడు కొంచెం తేరుకుని చెవులు ఆడిస్తున్నాడు. నంగయ్య ఆఖరున వచ్చాడు. ముందురోజు సాయంత్రం బెల్లం పొయ్యి దగ్గర కొంచెం ఆశపడి బూడిదలోకి మూతి మరీ లోపలికి పెట్టాడు. రవ్వలు లేచి మూతి మీద అక్కడక్కడా బొచ్చు కాలి, చిన్న చిన్న నల్ల చుక్కలు పడ్డాయి. అద్దం లేదు కాబట్టి ఆ సంగతి అతడు చూసుకోలేదు. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదని ఊరికే అన్నారా?

"డాక్టర్ సాబ్ చెప్పింది నాకు సమ్మతమే" అంది బురదమ్మ. "మచ్చ లేచినోళ్లను వాగు దాటించాలె. నా బిడ్డయినా సరే. ఇగ ఎవ్వరికైనా అంతే గదా?"

"ఎవ్వరికైనా అంతే" అన్నాడు నంగయ్య.

"రాజుకైనా?"

"రాజుకైనా, రాజు మామకైనా."

"అయితె జర ఎండకు రా డాక్టర్ సాబ్. నీ మూతి మీద అవేంది?"

గునుపమ్మ ముందుకు వంగి చూసి, వచ్చిన దారినే వెనక్కి ఎగిరింది. "అమ్మవారు" అంది. "నల్ల చుక్కలు. గడ్డ మీద ఉన్నట్టే ఉన్నయి."

నంగయ్య ముందరి కాలితో మూతి రుద్దుకున్నాడు. "మసి" అన్నాడు.

"కడుక్కో మరి."

వాగులో మూతి ముంచి లేచాడు. చుక్కలు ఇంకా తేటగా కనబడ్డాయి.

"గడ్డ మీది చుక్కలు గూడ కడిగితె పోలేదు" అని ఉలికన్న పొదలోంచి గుర్తుచేశాడు.

"ఇవి... నిప్పురవ్వలు వడ్డయి."

"నిప్పు యాడిది?" అంది బురదమ్మ. "చుట్టుపక్కల నిప్పున్నది ఒక్క బెల్లం పొయ్యి కాడనే. అక్కడ నీకేం పని?"

నంగయ్య మూతి మళ్లీ రుద్దుకున్నాడు. కొంచెం ఆలోచించి, "నిజం చెప్పాల్నంటె ఇవి పుట్టుమచ్చలు" అన్నాడు.

"నిన్న లేకుండె గదా."

"ఉండె. చిన్నగుండె. నేను పెరిగిన, అవి పెరిగినయి."

గునుపమ్మ తల పక్కకు వంచి, "గిదే మాట నిన్న బురదక్క చెప్పలేదా?" అంది. నమిలే నోరు మొట్టమొదటిసారి ఆగింది.

"అన్ని దినాలు మచ్చల గడ్డలు మోసిండు, పాపం" అంది బురదమ్మ జాలిగా. "మనకోసమే మోసిండు. అంటుకున్నది. ఏం జేస్తం? కట్టుబాటు కట్టుబాటే. పెద్దయ్యా, డాక్టర్ సాబును జర వాగు దాకా సాగనంపు."

నిమ్మళయ్య మాటకు నిదానం గానీ కొమ్ముకు నిదానం కాదు. తల దించి ఒక్కొక్క అడుగే ముందుకు వేశాడు. నంగయ్య ఒక్కొక్క అడుగే వెనక్కి వేశాడు. వెనక కాలికి వాగు నీళ్లు తగిలాయి. అవతలి ఒడ్డున రెండు ఊరకుక్కలు చెవులు నిక్కించి కూర్చున్నాయి, భోజనానికి పిలుపు వచ్చినట్టు.

"ఆగుర్రి" అన్నాడు నంగయ్య. గొంతు కీచుమంది. "మచ్చ ఉంటె ఏమైతది? అది తోలు మీదిది. లోపల అంత మంచిగనే ఉంటది."

"గడ్డకు గట్ల కాదంటివి గదా" అంది గునుపమ్మ.

"గడ్డకు గూడ గంతే. తొక్క దీస్తె పోతది. కమిలిన కాడ గింత తొలిస్తె చాలు. మచ్చల గడ్డ తిన్నోళ్లు ఎవ్వరన్న సచ్చిన్రా? నేను రోజు తింటలేనా, నాకేమన్న అయిందా?"

నిమ్మళయ్య నెమరు కూడా ఆగింది.

"రోజు తింటున్నవా?" అంది గునుపమ్మ మెల్లగా.

నంగయ్య అన్నమాట వెనక్కి తీసుకోవడానికి నోరు తెరిచాడు. పట్నంలో నేర్చుకున్న నాలుగు రోగాల పేర్లలో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

బురదమ్మ వీపు మీది పిల్లవాణ్ణి దించి అందరి ముందూ నిలబెట్టింది. "నా బిడ్డకు మచ్చ అంటలేదు. నువ్వు చెప్పిన ఎండ అంటింది" అంది. నిన్నటి నుంచీ ఆపుకున్నదంతా అప్పుడు బయటికి వచ్చింది. "నీ గడ్డల కోసం వీన్ని కుక్కలకు ఏస్తుంటివి గదరా. మీరు గూడ, చూస్త నిలవడ్డరు గదా అందరు." ఏడుస్తూనే తిట్టింది, తిడుతూనే ఏడ్చింది. గునుపమ్మ తల ఎత్తలేదు. ఉలికన్న పొదలోంచి బయటికి వచ్చి బొట్టోడి పక్కన నిలబడ్డాడు. అతడిలాంటివాడికి అది చాలా పెద్ద పనే.

ఆ పూటే బొరియ ఖాళీ చేశారు. నంగయ్య చేతే మోయించారు. బండ మీద మళ్లీ కుప్ప పడింది, ఈసారి బురదమ్మ ముక్కు ముందు పెట్టుకుని ఒక్కొక్కటే చూసింది.

"గరుకు మచ్చ తొక్క మీదిదే, గీకితె పోతది. ఈ నల్ల చుక్కలు ఎండిన మట్టి లెక్క అంటుకున్నయి, లోపలికి పోలేదు. ఇక్కడ దెబ్బ తగిలి కమిలింది, గంత మేరకు కోసి పారెయ్యి. ఇది చూడు, మెత్తవడ్డది, నీరు గారుతున్నది, వాసనొస్తున్నది. ఇది కుళ్లు. దీన్ని పారెయ్యాలె, నాకు గూడ వద్దు." అవన్నీ చూశాక, ఎండకు పచ్చబడ్డ గడ్డలను మూతితో పక్కకు నెట్టింది. "ఇవి ఎంత నున్నగున్నా ముట్టొద్దు."

"గడ్డి గప్పాలె" అన్నాడు నిమ్మళయ్య, ఒకే గుక్కలో. అందరూ ఆయన వైపు తిరిగి చూశారు.

వాటాలు వేశారు. పిల్లలున్నందుకు బురదమ్మకు ఒక పాలు ఎక్కువ ఇవ్వాలని గునుపమ్మే అంది. పంచే వంతు నంగయ్యదే కాబట్టి అందరూ తీసుకున్నాక ఆఖరున మిగిలింది అతడిది. అందరూ మచ్చలవే తీసుకున్నారు. మిగిలినవి పచ్చవి.

"ఇవి తింటె నేను సస్త" అన్నాడు నంగయ్య.

"తినమని ఎవరన్నరు?" అంది బురదమ్మ. "మొలకలొస్తున్నయి గదా. నీడల దాచుకో, తొలకరికి పాతిపెట్టుకో. అప్పటిదాక వాగుల ఎండ్రకాయలు పట్టుకొని బతుకు. పాతిపెడ్త పాతిపెడ్త అని అందరికి చెప్పినవాయె, పాతిపెట్టి చూపియ్యి."

ఎండాకాలం గడ్డుగానే గడిచింది. వాగు ఎండింది. బురదమ్మ పిల్లలు చిక్కాయి గానీ ఒక్కటీ పోలేదు. గడ్డి కప్పిన ఆలుగడ్డలు ఆఖరి దాకా నిలిచాయి. బొట్టోడు ఎంత పెరిగాడో వాడి మచ్చ కూడా అంత పెరిగింది.

తొలకరి పడింది. నంగయ్య చెలక అంచున ముందరి కాళ్లతో మట్టి గోకుతున్నాడు. జన్మలో ఎన్నడూ పని ఎరగని పాదాలు పొక్కులెక్కాయి. గోకుతాడు, మూలుగుతాడు, కూర్చుంటాడు, మళ్లీ గోకుతాడు.

అటుగా పోతూ గునుపమ్మ ఆగింది. "ఏం డాక్టర్ సాబ్, ఆపరేషనా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

బొట్టోడు మాత్రం ఆగాడు. కాసేపు గుంట వైపు చూసి, మూతి పెట్టి లోతు కొలిచి, "మామా, ఇంక లోతుగ తవ్వు. గడ్డ పైకి తేలితె ఎండ తగుల్తది. మళ్ల పచ్చబడ్తది" అన్నాడు.

కుక్కలకు వేయబోయిన పిల్లవాడు వచ్చి మంచి మాట చెబుతుంటే నంగయ్య తల ఎత్తలేకపోయాడు. రోగం పేరు ఒక్కటీ చెప్పకుండా, పొక్కుల కాళ్లతో ఇంకో జానెడు లోతు తవ్వాడు.

మచ్చ పడ్డ గడ్డకు తొక్క తీస్తే సరిపోతుంది, నున్నటి మాటను మాత్రం నాలుగు వైపులా తిప్పి చూసుకోవాలి.